సామాజిక ఎపిడెమియాలజిస్టు నుంచి విశ్వవిద్యాలయ పరిశోధన సారథి దాకా: హైదరాబాదు విద్యార్థులకు దశలవారీ మార్గదర్శి

ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) రెండో ఏడాదిలో ఉన్నవారు, బీడీఎస్ ముగించి క్లినిక్ పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారు, సమాజశాస్త్రంలో ఎంఏ చేసి ఆరోగ్య రంగం వైపు చూస్తున్నవారు కొంతకాలంగా నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సామాజిక ఎపిడెమియాలజీలో అడుగుపెట్టి, ఒకనాటికి విశ్వవిద్యాలయ పరిశోధనను నడిపించే బాధ్యత తీసుకోవాలంటే ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ వరుసలో పెడుతున్నాను.

జబ్బు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు, ఆ తేడాలో కులానికి, కూలికి, ఇంటికి, చదువుకు ఉన్న వాటా ఎంత అని లెక్కగట్టడమే ఈ వృత్తి. ప్రతి రేటుకూ పైన లవం, కింద హారం ఉంటాయి. ఆసుపత్రికి వచ్చిన రోగులను అందరూ లెక్కపెడతారు, కాని ఎంతమందిలో అంతమంది అని అడిగేవారు తక్కువ. హారం మీద చూపు నిలిపే అలవాటు మొదటి ఏడాది ఎంత అవసరమో, ఇరవై ఏళ్ళ తరువాత డీన్ కుర్చీలో కూర్చున్నప్పుడూ అంతే అవసరం.

1. మీ దగ్గర ఏముందో, ఏది లేదో తేల్చుకోండి

ఈ రంగానికి ఒకే ద్వారం లేదు. వైద్యులకు, దంతవైద్యులకు వ్యాధి తెలుసు, సమాజం కూడా తెలుసునని అనుకుంటారు. సమాజశాస్త్రం చదివినవారికి సమాజం తెలుసు, రిగ్రెషన్ వంటి గణాంక పద్ధతులంటే జంకుతారు. గణాంకశాస్త్రం నుంచి వచ్చినవారికి లెక్క వచ్చు, కాని అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట కూర్చున్న అనుభవం ఉండదు. లేనిదేదో ముందే ఒప్పుకున్నవారు త్వరగా ముందుకు వెళ్తారు.

తరువాత మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి. ఉదాహరణకు: “హైదరాబాదు బస్తీల్లో కిరాయికి ఉంటున్న 30 ఏళ్ళు దాటిన స్త్రీలలో, ఇతరుల ఇళ్ళలో పని చేసేవారికీ బయట పనికి వెళ్ళనివారికీ మధ్య అదుపులో లేని బీపీలో ఎంత తేడా ఉంది?” ఈ వాక్యంలో జనాభా, కారణం, ఫలితం, పోలిక నాలుగూ ఉన్నాయి. “మురికివాడల్లో స్త్రీల ఆరోగ్యం” అనేది ప్రశ్న కాదు, శీర్షిక మాత్రమే.

సరిచూసుకోవలసినవి:
• ప్రశ్నలో ఎవరిని ఎవరితో పోలుస్తున్నారో స్పష్టంగా ఉందా?
• ఫలితాన్ని కొలవడానికి పరికరమో, ప్రశ్నావళో ఉందా?
• జవాబు “తేడా లేదు” అని వచ్చినా ఎవరికైనా పనికొస్తుందా?

2. డిగ్రీల వరుస

ఎంబీబీఎస్ చేసినవారికి కమ్యూనిటీ మెడిసిన్‌లో మూడేళ్ళ ఎండీ ఒక దారి, మిగతావారికి రెండేళ్ళ ఎంపీహెచ్ మరో దారి. మన నగరంలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఎంపీహెచ్ ఉంది. చేరే ముందు భవనాలను కాక పాఠ్యప్రణాళికను చూడండి. గణాంకాలకు ఎన్ని గంటలు కేటాయించారు, విద్యార్థి స్వయంగా డేటా విశ్లేషిస్తాడా లేక ఎవరితోనైనా చేయించుకుంటాడా అన్న రెండు విషయాలు తెలిస్తే చాలావరకు తేలిపోతుంది.

పీహెచ్‌డీకి 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు ఉంటుంది. యూజీసీ నెట్‌లో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ ఒక సబ్జెక్టు, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. విదేశీ పీహెచ్‌డీ లేకపోతే ఎదగలేమన్న భయం అనవసరమని నా అభిప్రాయం. అయితే పీహెచ్‌డీ చేసిన చోటే కదలకుండా ఉండిపోకుండా, ఆ తరువాత ఒకటి రెండేళ్ళు వేరే సంస్థలో పని చేయడం మాత్రం తప్పనిసరిగా పెట్టుకోండి.

3. ఇతరులు సేకరించిన డేటాతో చేయి తిప్పుకోండి

చాలామంది మొదటి రోజే సొంత సర్వే మొదలుపెట్టాలనుకుంటారు. అప్పటికే సేకరించి, పరిశోధకులకు అందుబాటులో ఉంచిన డేటాతో ఒక ఏడాది పని చేసినవారి సర్వే ఆ తరువాత ఎంతో మెరుగ్గా ఉంటుంది. మొదలుపెట్టడానికి మంచివి ఇవి:

• జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21), 6,36,699 కుటుంబాలు.
• 45 ఏళ్ళు, ఆపైబడినవారి మీద జరిగిన లాసీ (వృద్ధాప్యంపై దీర్ఘకాలిక అధ్యయనం) సర్వే మొదటి విడత (2017–18).
• ఒకే కుటుంబాలను 2004–05లోనూ 2011–12లోనూ కలిసిన ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే.
• ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలను 2002 నుంచి వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం.

మొదటి అభ్యాసం: ప్రచురిత నివేదికలోని ఒక పట్టికను ఎంచుకొని, ఆర్, స్టాటా వంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లో అదే అంకెను మళ్ళీ రాబట్టండి. రాకపోతే, నూటికి తొంభై పాళ్ళు వెయిట్లు (నమూనాలో ఒక్కొక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) వేయడం మరిచిపోయి ఉంటారు, లేదా హారంలోకి రాకూడనివారిని కలిపేసి ఉంటారు. కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ స్థాయి అంచనాకు, రాష్ట్ర స్థాయి అంచనాకు వెయిట్లు వేరువేరుగా ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

మనవాళ్ళు ప్రత్యేకంగా పడే గొయ్యి ఒకటుంది. నాలుగో విడత (2015–16) నాటికి తెలంగాణలో 10 జిల్లాలు, ఐదో విడతలో 31. రెండు విడతల్లోనూ “వరంగల్” అన్న పేరు కనబడింది గనుక రెండంకెలనూ పక్కపక్కన పెట్టి “మెరుగుదల” అని రాసేస్తే, మారింది ఆరోగ్యమో సరిహద్దో చెప్పలేం. కొత్త జిల్లాలను పాత జిల్లాల్లోకి కలిపేస్తే సరిపోతుందనుకోకండి. సిద్దిపేట వంటి జిల్లాలోకి ఒకటికి మించిన పాత జిల్లాల మండలాలు వచ్చి చేరాయి. జిల్లా పోలిక తప్పనిసరి కాకపోతే రాష్ట్ర స్థాయిలో, లేదా గ్రామీణ–పట్టణ విభజనతో ఆగిపోవడం మేలు.

4. విశ్లేషణకు ముందు బొమ్మ గీయండి

ఈ దశలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు దిద్దిన తప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కులానికీ రక్తహీనతకూ ఉన్న సంబంధాన్ని ఒక విద్యార్థిని పరిశీలిస్తోందనుకుందాం. మొదట తేడా స్పష్టంగా కనబడింది. “అన్నిటినీ సర్దుబాటు చేయాలి” (అంటే అవి సమానంగా ఉన్నవారి మధ్యే పోల్చాలి) అని ఎక్కడో విని, గణాంక మోడల్‌లో చదువు, ఆస్తి, మరుగుదొడ్డి, వంటగ్యాసు అన్నీ చేర్చింది. తేడా దాదాపు మాయమైంది. “కులానికి స్వతంత్ర ప్రభావం లేదు” అని ముగించింది.

లెక్క సరిగానే ఉంది, తప్పంతా తర్కంలో ఉంది. చదువు, ఆస్తి, ఇంటి వసతి అన్నవి కులం ఆరోగ్యం దాకా ప్రయాణించే దారులు. దారులన్నీ మూసేసి, బండి రాలేదు గనుక ఊరే లేదని తేల్చినట్టు అయింది. కారణాన్నీ ఫలితాన్నీ రెంటినీ ముందునుంచే ప్రభావితం చేసేదాన్ని కన్‌ఫౌండర్ అంటారు, దాన్ని సర్దుబాటు చేయాలి. కారణానికీ ఫలితానికీ నడుమ ఉండేది మధ్యవర్తి, మొత్తం ప్రభావం కావాలంటే దాన్ని తాకకూడదు. ఏ దారి గుండా ఎంత ప్రభావం వస్తోందన్నది వేరే ప్రశ్న, దానికి వేరే పద్ధతులున్నాయి.

మందు సులభం. కంప్యూటరు తెరవకముందే తెల్లకాగితం మీద బాణాలతో కారణాల బొమ్మ గీయండి. ప్రతి బాణానికీ కారణం చెప్పగలగాలి. ఆ బొమ్మను ఆ విషయం తెలిసిన ఆశా కార్యకర్తకు కూడా ఒకసారి వివరించి చూడండి. మీరు మరిచిపోయిన బాణం ఒకటైనా ఆమె చూపిస్తుంది.

ఇంకో జాగ్రత్త: ఒకే మోడల్‌లో ఉన్నంత మాత్రాన అన్ని చరరాశుల గుణకాలనూ కారణాలుగా చదవకూడదు. ఆ మోడల్ ఒక్క ప్రశ్న కోసం కట్టింది, మిగతావాటికి అది జవాబు చెప్పదు.

5. ఫీల్డు: గల్లీలో నేర్చుకోవలసినది

ఇక సొంత సర్వే. హైదరాబాదులో ఎదురయ్యే ఇబ్బందులు పాఠ్యపుస్తకాల్లో దొరకవు గనుక ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం.

మొదటిది ఇళ్ళ జాబితా. పశ్చిమాన భవన నిర్మాణాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే వలస కూలీలు ఏ పాత జాబితాలోనూ ఉండరు. ఒకే డోర్ నంబరు వెనుక నాలుగు వాటాల్లో నాలుగు కిరాయి కుటుంబాలుంటాయి. పాత జాబితా తీసుకొని నమూనా గీస్తే, మీ ప్రశ్నకు ఎవరు ముఖ్యమో వారే హారంలోంచి జారిపోతారు. కాబట్టి గల్లీ గల్లీ నడిచి, వాటా వాటా రాసుకొని, మీ జాబితా మీరే తయారుచేసుకోండి. దానికి పెట్టే రెండు వారాలు వృథా కావు.

రెండోది వేళ. నా తొలి సర్వేల్లో ఒకదానిలో ఉదయం పదకొండుకు తలుపులు తట్టుతూ వెళ్ళాం, స్పందన రేటు చూసి సంబరపడ్డాం. తీరా చూస్తే మా నమూనాలో పనికి వెళ్ళే స్త్రీలు దాదాపు లేరు. మళ్ళీ సాయంత్రాలు, ఆదివారాలు తిరిగి సగం పని తిరగరాయవలసి వచ్చింది. తాళం వేసిన ఇంటికి వేరువేరు వేళల్లో కనీసం మూడుసార్లు వెళ్ళాలన్న నియమం రాతపూర్వకంగా పెట్టండి. సంక్రాంతికి నగరం ఖాళీ అవుతుంది. ఆషాఢంలో బోనాల ఆదివారాలు వదిలేయండి. రంజాన్ నెలలో పాతబస్తీలో పరగడుపు రక్త నమూనాల పని పెట్టుకోకండి.

మూడోది భాష. ఆంగ్ల ప్రశ్నావళిని తెలుగులోకి, తిరిగి ఆంగ్లంలోకి అనువదించి సరిపోల్చడం అవసరమే గాని అది చాలదు. “మధుమేహం ఉందా?” అని అడిగితే తడబడినవారు “షుగరు ఉందా?” అంటే వెంటనే చెబుతారు. మానసిక వ్యాకులత గురించి అడిగేటప్పుడు తెలంగాణ ఇళ్ళలో “రంది” అన్న మాట అందినంతగా, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారికి అందదు, వారికి “దిగులు”, “బెంగ” దగ్గరి మాటలు. పాతబస్తీకి దక్కనీ ఉర్దూ ప్రతి వేరుగా కావాలి. “మీ ఆరోగ్యం ఎలా ఉంది?” అంటే మర్యాదకు “మంచిగనే ఉన్న” అనేస్తారు. ఆ జవాబు దేని గురించి ఆలోచించి చెప్పారో పదిహేను ఇరవై మందిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాకే ప్రశ్నను ఖరారు చేయండి.

నాలుగోది మళ్ళీ కలవడం. కిరాయి ఇళ్ళు మారతాయి, ఫోన్ నంబర్లు అంతకన్నా త్వరగా మారతాయి. సర్వేలో పాల్గొన్న స్త్రీ నంబరుతో పాటు, ఆమె అనుమతితో, సొంతూళ్ళో ఉన్న తల్లిదో అన్నదో నంబరు కూడా తీసుకోండి. ఇంటి ఓనరును నమ్ముకోకండి.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:
• ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చిందా? “వస్తుంది లెండి” అన్న మాట మీద ఒక్క ఇంటికీ వెళ్ళకూడదు.
• సమ్మతి పత్రాన్ని చదవలేనివారికి సాక్షి ఎదుట చదివి వినిపించే ఏర్పాటు ఉందా?
• బీపీ బాగా ఎక్కువగా ఉన్నవారిని ఏ బస్తీ దవాఖానాకు పంపాలో చీటీ సిద్ధంగా ఉందా?
• సర్వే చేసే అమ్మాయిలు ఇద్దరిద్దరుగా వెళ్తున్నారా, చీకటి పడ్డాక ఇంటికి చేరే ఖర్చు బడ్జెట్టులో ఉందా?
• పేర్లు, నంబర్లు ఉన్న ఫైలు, జవాబులున్న ఫైలు వేరువేరుగా ఉన్నాయా?

6. మొదటి ఉద్యోగం, మొదటి గ్రాంటు

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం నేరుగా అసోసియేట్ ప్రొఫెసరు కావడానికి పీహెచ్‌డీతో పాటు ఎనిమిదేళ్ళ అనుభవం, ఏడు ప్రచురణలు కావాలి. ప్రొఫెసరుకు పదేళ్ళ అనుభవం, పది ప్రచురణలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి ఐసీఎంఆర్ సంస్థల్లో నిచ్చెన వేరు, అక్కడ సైంటిస్ట్-బి నుంచి మొదలవుతుంది. ఈ అంకెలు అర్హతకు మాత్రమే. పది చిన్న వ్యాసాల కన్నా ఒకే ప్రశ్నను వదలకుండా తవ్విన నాలుగు వ్యాసాలు మిమ్మల్ని ఎక్కువ దూరం తీసుకెళ్తాయి. అయినా మిగతా ఆరూ లేకపోతే దరఖాస్తే పరిశీలనకు రాదు గనుక రెండూ చూసుకోవాలి.

గ్రాంటుల కోసం ఐసీఎంఆర్, ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ప్రకటనలను గమనిస్తూ ఉండండి. ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ), వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో నెలకొల్పిన నిధుల సంస్థ ఇండియా అలయన్స్ కార్యాలయం కూడా మన నగరంలోనే ఉంది.

ప్రతిపాదనలో శాస్త్రం బాగుండీ బడ్జెట్టు దగ్గర దెబ్బతినేవారే ఎక్కువ. ఈ నాలుగూ ముందే నేర్చుకోండి:

• ఫీల్డు సిబ్బంది జీతం. రెండో విడత నిధులు ఆలస్యమైతే మూడు నెలలు ఎక్కడినుంచి ఇస్తారో సంస్థతో ముందే రాయించుకోండి. జీతం అందని సర్వేయరు డేటా నమ్మదగినదిగా ఉండదు, అలా ఉండాలని ఆశించడం న్యాయమూ కాదు.
• వినియోగ ధ్రువపత్రం. కేంద్ర గ్రాంటులకు జీఎఫ్‌ఆర్ (కేంద్ర ఆర్థిక నియమావళి) 12-ఏ నమూనాలో ఈ ధ్రువపత్రం (యూసీ) ఇవ్వనిదే తరువాతి విడత రాదు. అకౌంట్స్ విభాగంలో ఆ పని చూసేవారితో మొదటి నెలలోనే పరిచయం పెంచుకోండి.
• విదేశీ భాగస్వామ్యం. ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతికి పట్టే కాలాన్ని ప్రణాళికలో చూపించండి.
• ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం). 2020 సవరణ తరువాత విదేశీ నిధులను ఒక సంస్థ తీసుకొని మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు, పాలనా ఖర్చులు 20 శాతం మించకూడదు. భాగస్వాములందరి వాటాలూ ఒప్పందంలోనే విడివిడిగా రాయించాలి.

7. బృందాన్ని నడపడం

ఇక్కడినుంచి మీ పని మారుతుంది. ఇంతకాలం మీ ప్రతిభకు మార్కులు పడ్డాయి, ఇప్పుడు ఇతరుల పని పూర్తయితేనే మీ పని పూర్తయినట్టు. చాలామంది మంచి విశ్లేషకులు ఇక్కడే తడబడతారు, విద్యార్థి కోడ్‌ను రాత్రికి రాత్రే తామే తిరగరాసేస్తారు. అలా చేస్తే వ్యాసం తొందరగా వస్తుంది గాని ఆ విద్యార్థికి పని రాదు.

2022 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, ప్రొఫెసరు ఎనిమిది మందిని పీహెచ్‌డీకి తీసుకోవచ్చు. అది గరిష్ఠ పరిమితి, లక్ష్యం కాదు. వారానికి గంట చొప్పున ఎంతమందికి ఇవ్వగలరో అంతమందినే తీసుకోండి.

రచయితల వరుస మీద తగవులు వ్యాసం పూర్తయ్యాక వస్తాయి, కాబట్టి అది మొదలుకాకముందే కూర్చొని రాసుకోండి. ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) పెట్టిన నాలుగు షరతులూ తీర్చినవారే రచయితలు. విభాగాధిపతి అయినంత మాత్రాన ఎవరూ రచయిత కారు, ఆ అధిపతి మీరే అయినప్పుడు కూడా. ఫీల్డు సమన్వయకర్తకు డేటా చదివి రాసే అవకాశం ఇస్తే ఆమె కూడా ఆ షరతులు తీర్చగలదు. అవకాశమే ఇవ్వకుండా కృతజ్ఞతల్లో పేరు వేసి సరిపెట్టడం మన దగ్గర బాగా పాతుకుపోయిన చెడ్డ అలవాటు.

8. పరిశోధన డీన్ బాధ్యతకు సిద్ధపడటం

ఈ పదవి హఠాత్తుగా మీద పడినట్టు కనిపిస్తుంది గాని దానికి మెట్లున్నాయి. ముందుగా ఎథిక్స్ కమిటీ సభ్యత్వం తీసుకోండి, ఇతర విభాగాల పరిశోధన ఎలా ఉంటుందో తెలుస్తుంది. తరువాత పీహెచ్‌డీ ప్రవేశాల కమిటీ, ఆపైన ఏదైనా చిన్న పరిశోధన కేంద్రం. కొనుగోళ్ళ కమిటీని ఎవరూ ఇష్టపడరు, అయినా ఒక ఏడాది అందులో ఉండండి.

బాధ్యత చేతికి వచ్చాక మొదటి మూడు నెలలు ఏదీ ప్రకటించకుండా లెక్క తీయండి. ఎంతమందికి గ్రాంటు వచ్చిందన్నది అందరికీ తెలిసిన లవం. ఎంతమంది దరఖాస్తు పెట్టారు? అర్హత ఉండీ ఒక్కసారీ పెట్టనివారు ఎవరు? వారిలో స్త్రీలు, దళిత, ఆదివాసీ అధ్యాపకులు, భాషా విభాగాలవారు ఎంతమంది? ఇంతకాలం బస్తీలో వాడిన చూపునే ఇక్కడ వాడితే, “మా వాళ్ళకు ఆసక్తి లేదు” అన్న మాట వెనుక బోధన గంటల భారమో, ప్రకటన చివరి రోజున అందడమో కనబడుతుంది.

కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకు పరిశోధన, వృత్తిపరమైన కృషి విభాగానికి 30 శాతం వెయిటేజీ ఉంది, దాన్ని విస్మరించలేరు. అయితే ఆ లెక్కలో తెలుగు శాఖ అధ్యాపకుడు పదేళ్ళు శ్రమించి తెచ్చిన పరిష్కృత ప్రతి సరిగా కనబడదు. ర్యాంకు నివేదికతో పాటు అంతర్గతంగా రెండో నివేదిక తయారుచేయించి, అందులో ఇలాంటి పనికి చోటివ్వండి.

తరచు జరిగే తప్పులు, దిద్దుబాట్లు:
• తప్పు: విత్తన నిధిని (పరిశోధన మొదలుపెట్టడానికి విశ్వవిద్యాలయం ఇచ్చే చిన్న మొత్తాన్ని) అప్పటికే గ్రాంటులున్నవారికే ఇవ్వడం. దిద్దుబాటు: సగం మొత్తాన్ని ఇంతవరకు గ్రాంటు రానివారికి కేటాయించి, ప్రతిపాదన రాయడంలో తోడుగా ఒక సీనియరును పెట్టడం.
• తప్పు: ప్రచురణల సంఖ్యకు నగదు బహుమతి. దిద్దుబాటు: ఆ డబ్బుతో ఒక గణాంక సలహాదారును, ఒక డేటా నిర్వాహకుడిని నియమించడం.
• తప్పు: ఎథిక్స్ కమిటీ ఆలస్యాన్ని ఫోన్లతో తొందరపెట్టడం. దిద్దుబాటు: కమిటీకి పూర్తికాలపు కార్యదర్శినిచ్చి, సమావేశాల తేదీలను ఏడాది ముందే ప్రకటించడం.

9. మీ పరిశోధన ఎండిపోకుండా, అప్పగింత చెడిపోకుండా

వారంలో ఒక రోజు మీ డేటాకు కేటాయించండి, ఆ రోజు సమావేశాలుండవని మొదటి వారమే చెప్పేయండి. మొదటి వారం చెప్పనిది ఆరో నెలలో ఎవరూ వినరు. దీర్ఘకాలిక అధ్యయనం ఏదైనా నడుపుతుంటే పదవి చేపట్టిన ఏడాదిలోనే ప్రధాన పరిశోధకుడి బాధ్యతను మీకన్నా చిన్నవారికి రాతపూర్వకంగా అప్పగించండి.

పదవీకాలం ముగిసేలోగా అప్పగింత పత్రం తయారుకావాలి. హైదరాబాదు పరిసర గ్రామాల్లో 1987–90 మధ్య అనుబంధ పోషకాహారం మీద జరిగిన ప్రయోగం నాటి పిల్లలను 2003–05లో మళ్ళీ వెతికి పట్టుకొని, ఏపీక్యాప్స్ అన్న పేరుతో ఈనాటికీ అనుసరించడం సాధ్యమైంది. ఎవరు ఏ ఊళ్ళో, ఏ వర్గంలో ఉన్నారన్నది అన్నేళ్ళ తరువాత కూడా తేల్చగలిగారు గనుకనే ఆ పని జరిగింది. కాబట్టి మీ పత్రంలో కనీసం ఇవి రాయండి: ప్రతి డేటా ఫైలు ఎక్కడుంది, పేర్లకూ సంఖ్యలకూ లంకె వేసే జాబితాను ఎవరు తెరవగలరు, ఏ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఏ యూసీ బాకీ ఉంది, సంతకం చేసిన సమ్మతి పత్రాలున్న బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది.